నేను చెప్పిన పాఠమే

అంతస్రావక గ్రంథుల పాఠం ఇంటర్ రెండో సంవత్సరంలో వస్తుంది. తెనాలిలో జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినంత కాలం అది నాకు చాలా ఇష్టమైన పాఠం. థైరాయిడ్ గ్రంథి వెనక అతుక్కుని ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథుల బొమ్మ రంగు సుద్దలతో వేసేదాన్ని. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథార్మోన్ ఊరుతుంది, ఎముకలోంచి కాల్షియాన్ని రక్తంలోకి దింపుతుంది, మూత్రపిండాల దగ్గర పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, పేగులు ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది అని పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చెప్పించేదాన్ని. ఎముకకు ప్రాణం ఉందనీ, అది రోజూ ఒక పక్క కరుగుతూ ఒక పక్క కట్టుకుంటూ ఉంటుందనీ చెప్పేదాన్ని. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మా పిల్లలు మార్కులు పోగొట్టుకునేవారు కాదు.

అంత వివరంగా పాఠం చెప్పిన నేనే, పురిటికొచ్చిన నా కూతురి వెన్నుపూసలు నలిగిపోతుంటే, "అందరం కనలేదా తల్లీ! నడుం నొప్పి లేని బాలింత ఎక్కడైనా ఉంటుందా?" అన్నాను. ఒకసారి కాదు. అది నొప్పి అన్నప్పుడల్లా అన్నాను. ఇప్పుడు ఇది రాయడం నా మనసు తేలికపడడానికి కాదు. అదే మాట ఈ రోజు ఎన్నో ఇళ్ళల్లో ఎందరో తల్లులు అంటూ ఉంటారని నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. మొదటి కాన్పు కాబట్టి సీమంతం అయ్యాక మా ఇంటికి తీసుకొచ్చాం. మనిషి మొదటి నుంచీ సన్నం. చిన్నప్పటి నుంచీ పాలంటే పడదు, పెరుగు వాసన పడదు. హాస్టల్ రోజుల్లో, తర్వాత ఉద్యోగంలో, పగలంతా ఏసీ గదుల్లోనే గడిపింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కదాన్నీ మరొక దానితో కలిపి ఆలోచించలేదు.

ఎనిమిదో నెల వెళ్తుండగా నడుం పైభాగంలో నొప్పి మొదలైంది. మామూలుగా గర్భిణులకు నొప్పి నడుం కింద, తుంటి దగ్గర వస్తుంది, నడిస్తే ఎక్కువై పడుకుంటే తగ్గుతుంది. దీనికి అలా కాదు. మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే కేక వేసేది. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి. "ఇది మామూలు నొప్పి కాదమ్మా, లోపల ఏదో విరిగినట్టుంది" అంది ఒక రాత్రి. ఆ పిల్ల వాడిన మాట అదే, విరిగినట్టుంది అని. చదువుకున్న తల్లిని, ఆ మాట విని కూడా వేడినీళ్ళ సంచి తెచ్చి పెట్టి, దీపం ఆర్పి వచ్చేశాను. పరీక్షలకు వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో కూడా నొప్పి సంగతి అదే చెప్పబోయింది. నేను మధ్యలో అందుకుని "మొదటి కాన్పు కదండీ, కంగారు పడుతోంది" అన్నాను. డాక్టరమ్మ నా మాట విని చిరునవ్వు నవ్వి ఊరుకుంది. ఆ రోజు నోరు మూయించింది నేను. ఆవిణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు.

కాన్పు ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. ఆ తర్వాత నొప్పి పెరిగింది. ఇక నాకు గట్టి కారణమే దొరికింది: వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్. మన ఊళ్ళల్లో ఆపరేషన్ అయిన ప్రతి ఆడదీ ఏళ్ళ తరబడి నడుం నొప్పిని ఆ సూది మీదకే తోస్తుంది. ఆ సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు గాని, పూసలు నలిగిపోవడం దాని పని కాదు. పైగా మా అమ్మాయి నొప్పి ఆపరేషన్‌కు వారాల ముందే మొదలైంది. ఏది ముందు, ఏది వెనక అన్న చిన్న లెక్క కూడా నేను వేసుకోలేదు.

తర్వాత పత్యం. మా అత్తగారు నాకు పెట్టినట్టే నేను దానికి పెట్టాను. కాయం ఉండలు, ధనియాల కారం, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి. పెరుగు వద్దు, చలవ చేస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగకూడదు, పొట్ట వస్తుంది. ఎండలోకి రాకూడదు, గాలి తగలకూడదు. తలుపులు మూసి సాంబ్రాణి వేసి పచ్చి బాలింతను చీకటి గదిలో ఉంచాను. నడికట్టు బిగించాను. విటమిన్ డి చర్మంలో ఎలా తయారవుతుందో, పేగుల్లో కాల్షియం ఎక్కాలంటే అది ఎందుకు కావాలో అన్నేళ్ళు పిల్లలకు చెప్పాను. ఇంటికొచ్చాక ఆ పాఠం నా నోటిదే అని గుర్తు రాలేదు. కాలేజీలో పాఠం, ఇంట్లో పత్యం, రెండూ ఒకే మనిషి బుర్రలో ఎప్పుడూ ఎదురుపడకుండా బతికాయి.

ఎండ ఉన్న దేశంలో విటమిన్ డి కొరత ఏమిటని చాలామంది అనుకుంటారు. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం మన ప్రాంతం ఆరోగ్యవంతుల్నే, ఊళ్ళల్లోనూ పట్నంలోనూ, పరీక్షించి 2007లో ప్రచురించిన పరిశోధన చూస్తే ఆ భ్రమ పోతుంది. తిండిలో కాల్షియం తక్కువ, ఉన్న కాల్షియాన్ని పేగుల్లో పట్టి ఉంచేసే ఫైటేట్లు ఎక్కువ, రక్తంలో విటమిన్ డి తక్కువ. మన అన్నం, మన పప్పు, మన నీడ కలిసి చేస్తున్న పని అది. అలాంటి నేల మీద పెరిగిన పిల్లను గర్భం వచ్చాక, కాన్పు అయ్యాక కూడా పాలకూ పెరుగుకూ ఎండకూ దూరం పెట్టాను.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది నూనె మర్దన. కుట్లు ఆరాక పసిదానికి నీళ్ళు పోసే ఆవిడ చేతే తల్లికీ మర్దన చేయించాను. పీట మీద కూర్చోబెట్టి వెన్ను పొడుగునా బొటనవేళ్ళతో నొక్కించాను. నడుం మీద వేడినీళ్ళు ఎత్తి కొట్టించాను. పిల్ల ఏడ్చింది. "వాతం దిగుతోంది, ఓర్చుకో" అన్నాను. ఆవిడకే జాలేసి చేతులు ఆపితే, "ఆపకు, ఇంకొంచెం గట్టిగా పట్టు" అన్నది నేనే. విరిగిన పూసల మీద అది ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లోనే ఇంకో సూచన కనపడింది. వంటింట్లో పై అరలో ఉన్న స్టీలు డబ్బా మా అమ్మాయికి ఎప్పుడూ అందేది. ఒకరోజు మునివేళ్ళ మీద నిలబడినా అందలేదు. "అమ్మా, నేను పొట్టిదాన్నయ్యానా?" అంది. నేను నవ్వాను. నలిగిన వెన్నుపూస ముందువైపు అణిగిన అగ్గిపెట్టెలా కుంగుతుంది. అలా రెండు మూడు పూసలు కుంగితే మనిషి ఎత్తు తగ్గుతుంది, వీపు కాస్త ముందుకు వంగుతుంది. మా అమ్మ చివరి రోజుల్లో గూనితో సగానికి వంగిపోయింది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. ఎముకలు గుల్లబారడం కుటుంబాల్లో నడుస్తుందని నాకు తెలుసు. మా అమ్మ వీపుకీ నా కూతురి వీపుకీ సంబంధం ఉండొచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు.

ముందు పట్టుకున్నది మా వియ్యపురాలు. మనవరాలిని చూడడానికి వచ్చి, అమ్మాయి ఉయ్యాల దగ్గరికి నడిచిన తీరు చూసి నన్ను పక్కకు పిలిచింది. "వదినగారూ, ఏమీ అనుకోకండి. పిల్ల గోడ పట్టుకుని లేస్తోంది. గుంటూరు తీసుకెళ్ళి ఎముకల డాక్టరుకు చూపిద్దాం" అంది. నాకు కోపం వచ్చింది. పుట్టింట్లో పురుడు సరిగ్గా పోయడం లేదని ఎత్తిపొడుస్తోంది అనుకున్నాను. "మా ఇంట్లో లోటేమీ జరగట్లేదు వదినగారూ" అన్నాను. ఆవిడ నొచ్చుకుని ఊరుకుంది. కాని వెళ్తూ వెళ్తూ కొడుకుతో గట్టిగా చెప్పింది. మా అల్లుడు శెలవు పెట్టి వచ్చి, నన్ను అడక్కుండా కారు మాట్లాడాడు. ఆ అడక్కపోవడమే నా కూతురిని కాపాడింది.

గుంటూరులో ఎక్స్‌రే తీశారు, తర్వాత ఎమ్మారై. ఛాతీ వెనక చివరి పూస, నడుములో మొదటిదీ మూడోదీ నలిగి ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళ పిల్లకు. మొదట టీబీ అనుమానించారు. మన దేశంలో వయసు పిల్లకు వెన్నుపూస దెబ్బతింటే ముందు దాన్నే తోసిపుచ్చుకోవాలి. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. అది కాదని తేలింది. థైరాయిడ్, పారాథైరాయిడ్, పేగుల జబ్బు, రక్త క్యాన్సరు, స్టిరాయిడ్ మందుల వాడకం, గర్భంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, ఒక్కొక్కటే అడిగి, పరీక్షించి పక్కన పెట్టారు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీశారు. ఈ వయసు వాళ్ళకు ముసలివాళ్ళ లెక్క వాడరట. తన ఈడు ఆడవాళ్ళతో పోల్చి జెడ్ స్కోరు చూస్తారు. అది మైనస్ రెండు గాని అంతకంటే కింద గాని ఉంటే వయసుకు ఉండాల్సినంత ఎముక లేనట్టు. మా అమ్మాయిది బాగా కిందకు ఉంది. విటమిన్ డి కూడా అడుగంటి ఉంది.

డాక్టరు జబ్బు పేరు చెప్పారు: గర్భంతో, పాలివ్వడంతో వచ్చే ఎముకల గుల్లబారడం. నార్డిన్, రోపర్ అనే ఇద్దరు 1955లో లాన్సెట్ పత్రికలో నలుగురు ఆడవాళ్ళ సంగతి రాసి, ఇదొక ప్రత్యేక జబ్బేమో అని ప్రశ్న లేవదీశారు. అంతకుముందే 1948లో ఆల్‌బ్రైట్, రైఫెన్‌స్టైన్ దీని ప్రస్తావన చేశారు. పది లక్షల మందిలో నలుగురి నుంచి ఎనిమిది మందికి వస్తుందని పుస్తకాల లెక్క. నా వంటి తల్లులున్న ఇళ్ళల్లో ఎన్ని లెక్కకే రాలేదో అని నాకు అనిపిస్తుంది. ఎక్కువగా మొదటి కాన్పులోనే, చివరి నెలల్లో గాని పాలిచ్చే మొదటి నెలల్లో గాని బయటపడుతుంది.

ఆ రాత్రి నుంచి నా పాఠాన్ని నేనే మళ్ళీ చదువుకున్నాను. నెలలు నిండిన బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో ఎక్కువ భాగం, ఎనభై శాతం దాకా, చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. చివరి వారాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల పైచిలుకు బిడ్డకు వెళ్తుంది. ఇంత కాల్షియం తల్లి ఎముకలోంచే కరిగి పోతుందని ఎన్నోసార్లు అనుకున్నాను, క్లాసులోనూ అలాగే అన్నాను. నిజానికి గర్భంలో శరీరం వేరే దారి పడుతుంది. మూడో నెల నిండేసరికే పేగులు తిండిలోంచి రెట్టింపు కాల్షియం పీల్చడం మొదలుపెడతాయి. విటమిన్ డి చురుకైన రూపం, కాల్సిట్రయాల్, రక్తంలో రెండు మూడు రెట్లు పెరుగుతుంది. బిడ్డకు కావలసింది ముందే పోగవుతుంది. తిండిలో తగినంత ఉన్న తల్లికి ఎముక పెద్దగా పోదు. తిండిలో లేనప్పుడు, ఎండ లేనప్పుడు, ముందే ఎముక పలచగా ఉన్నప్పుడు మాత్రం చివరి నెలల్లో ఆ లోటు ఎముక తీర్చాలి.

పాలిచ్చే రోజుల సంగతి ఇంకా ఆశ్చర్యం. గర్భంలో ఎక్కువ పీల్చిన పేగులు కాన్పు కాగానే మామూలైపోతాయి. పాలల్లో మాత్రం రోజుకు 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం పోతూనే ఉంటుంది. అది ఎక్కడి నుంచి రావాలి? ఎముక నుంచే. అలా వచ్చేట్టు శరీరమే ఏర్పాటు చేసుకుంది. బిడ్డ చప్పరించినప్పుడల్లా ప్రొలాక్టిన్ ఊరి, అండాశయాల్ని నిద్రపుచ్చుతుంది. ఈస్ట్రోజెన్ ముట్లుడిగినవాళ్ళలో ఉన్నంత కిందకు పడిపోతుంది. ఎముకను కాచేది ఈస్ట్రోజెన్. కాపలా లేని ఆ సమయంలోనే రొమ్ములో ఒక హార్మోన్ తయారై రక్తంలోకి దిగుతుంది. పారాథార్మోన్‌ను పోలిన ప్రోటీన్, పీటీహెచ్ఆర్‌పీ. దీన్ని మొదట 1987లో, రక్తంలో కాల్షియం పెంచే క్యాన్సరు గడ్డల్లో కనుక్కున్నారు. తర్వాత చూస్తే అదే ప్రోటీన్ మాయలోనూ, పాలిచ్చే రొమ్ములోనూ ఉంది. ఎలుకల రొమ్ములో ఈ ఒక్క ప్రోటీన్ తయారు కాకుండా చేస్తే, పాలిచ్చే రోజుల్లో వాటి ఎముక పోవడం తగ్గిందని 2003లో పరిశోధకులు చూపించారు. అంటే పాలు తయారయ్యే చోటే ఎముకకు కబురు వెళ్తోంది. నేను చెప్పిన పాఠంలో ఆ పేరు లేదు. ఎముక లోపల కూర్చుని ఉండే ఆస్టియోసైట్ కణాలు కూడా ఆ రోజుల్లో తమ చుట్టూ ఉన్న ఎముకను కరిగించి కాల్షియం ఇస్తాయట.

ఇలా ఆర్నెల్లు కేవలం తల్లిపాలే ఇచ్చే ఆరోగ్యవంతురాలి వెన్నులో కూడా మూడు నుంచి పది శాతం దాకా ఎముక తగ్గుతుంది. ముట్లుడిగిన వాళ్ళకు ఏడాదికి పోయేది ఒకటి నుంచి మూడు శాతం. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు భయం వేసింది. కాని దాని తర్వాతి మాట కూడా అంతే నిజం: పాలు మానిపించిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దాదాపు అందరిలోనూ ఆ ఎముక తిరిగి కట్టుకుంటుంది. ఎక్కువ మందిని కన్నవాళ్ళకు, ఎక్కువ కాలం పాలిచ్చినవాళ్ళకు పెద్దయ్యాక ఎముకలు ఎక్కువ విరుగుతాయన్న రుజువు లేదు. కాబట్టి ఇది చదివి ఏ తల్లీ పాలు మానిపించకూడదు. అందరికీ జరిగే ఆ తగ్గుదల, ముందే పలచటి ఎముక ఉన్న కొద్దిమందిలో మాత్రం విరిగే దాకా వెళ్తుంది. కొందరిలో పీటీహెచ్ఆర్‌పీ ఎక్కువగా ఉన్నట్టు తేలింది, కొందరిలో ఎముకను కట్టే జన్యువుల్లోనే లోపం కనపడింది. అందరికీ సరిపోయే ఒకే కారణం వైద్యులు చెప్పడం లేదు. మా అమ్మాయి విషయంలో పలచటి ఒళ్ళు, విటమిన్ డి లేమి, మా వంశపు ఎముక కలిసి ఉంటాయని డాక్టరు అన్నారు.

జబ్బు పేరు తెలిశాక నేను బుద్ధి తెచ్చుకున్నానా అంటే అదీ లేదు. మందుల షాపుకు పోయి కాల్షియం మాత్రలు డబ్బాల కొద్దీ తెచ్చి, రాసిన దానికి రెట్టింపు మింగించబోయాను. పాలిచ్చే తల్లులకు కాల్షియం మాత్రలు ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 1997లో అమెరికాలో వచ్చింది. మాత్రలు వేసుకున్నా పాలిచ్చేటప్పటి ఎముక తగ్గుదల ఆగలేదు. ఆ తగ్గుదల హార్మోన్ల ఆజ్ఞ. మాత్రలతో దాన్ని కొట్టేయలేం. తిండిలో లేని లోటును మాత్రమే మాత్రలు పూడుస్తాయి. అది ముఖ్యమే, కాని అతిగా మింగితే మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్ళు. డాక్టరు ఈ సంగతి ఓపికగా చెబుతుంటే, నాకు తెలిసిన విషయం నాకే చెబుతున్నారని మనసులో విసుక్కున్నాను.

పాలు మానిపించమన్నప్పుడు ఇంకా ఘోరంగా ప్రవర్తించాను. పూసలు విరిగినవాళ్ళకు చాలా సార్లు ఆ సలహానే ఇస్తారు. ప్రొలాక్టిన్, పీటీహెచ్ఆర్‌పీ తగ్గి ఈస్ట్రోజెన్ మళ్ళీ పైకి వస్తేనే ఎముక కోలుకోవడం మొదలవుతుంది. అప్పటికి పసిదానికి నాలుగు నెలలు కూడా నిండలేదు. "తల్లిపాలు మానిపిస్తారా? బిడ్డ గతేమిటి?" అని డాక్టరు గదిలోనే గట్టిగా అన్నాను. అసలే కుమిలిపోతున్న పిల్ల తలదించుకుని ఏడ్చింది. తన బిడ్డకు పాలివ్వలేకపోతున్నానని అది ముందే అనుకుంటోంది. దాని అపరాధాన్ని నేను నలుగురి ముందు పెద్దది చేశాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను. పసిది డబ్బా పాలతో బాగానే పెరిగింది.

మందు విషయంలో నాకు తెలియని పాఠం ఒకటి ఎదురైంది. ముసలివాళ్ళకు ఇచ్చే కొన్ని మందులు ఏళ్ళ తరబడి ఎముకలోనే ఉండిపోతాయి కనుక, ఇంకా బిడ్డలు కావాలనుకునే వాళ్ళకు ఆలోచించి ఇవ్వాలన్నారు. బదులుగా టెరిపారటైడ్ సూది రాశారు. అది పారాథార్మోన్‌లోని మొదటి 34 అమైనో ఆమ్లాల ముక్క. రోజూ 20 మైక్రోగ్రాములు, పొట్ట చర్మం కింద. "ఎముకను కరిగించే హార్మోన్‌నే మళ్ళీ ఇస్తారా?" అని అడిగాను. ఆ హార్మోన్ రోజంతా ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. రోజుకు ఒక్కసారి కొద్దిసేపు మాత్రం తగిలితే ఎముకను కట్టే కణాలు లేస్తాయి. బోర్డు మీద రంగు సుద్దలతో నేను వేసిన బొమ్మలో సగం పాఠమే ఉందని అప్పుడు తెలిసింది. ఈ మందు 2002 నుంచి వాడకంలో ఉంది. ఆ తర్వాత కూడా నేను క్లాసులో అదే సగం పాఠం చెబుతూ వచ్చాను.

2024లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పాలిచ్చే ఎలుకల మెదడులో సీసీఎన్3 అనే హార్మోన్ ఊరుతోందనీ, ఈస్ట్రోజెన్ లేని ఆ రోజుల్లో ఎముకను కట్టి నిలబెట్టేది అదేననీ శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హోలీ ఇంగ్రాహం బృందం చూపించింది. ఎలుకల్లో చూసినది మనుషుల్లో మందుగా మారడానికి ఇంకా దూరం ఉంది. కాని తల్లి శరీరం ఇవ్వడమే కాదు, తనను తాను కాచుకునే ఏర్పాటు కూడా చేసుకుంటుందన్న ఆ మాట చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. కాచుకునే ఆ శరీరానికి అడ్డు పడింది నేను, నా గది, నా పత్యం.

మా అమ్మాయి ఇప్పుడు నడుస్తుంది, పిల్లను ఎత్తుకుంటుంది, ఉద్యోగానికి వెళ్తుంది. తర్వాత తీసిన స్కాన్‌లో ఎముక బాగా పెరిగింది. కుంగిన పూసలు మాత్రం మళ్ళీ నిలువెత్తు కావు. పోయిన ఎత్తు పోయినట్టే. రెండో కాన్పు సంగతి ఎముకల డాక్టరూ కాన్పు డాక్టరూ కలిసి చూసి చెప్పాలన్నారు. ఆ నిర్ణయం దానిది, దాని భర్తది. ఇందులో నా సలహా ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. వియ్యపురాలి దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు కూడా తల్లే కదా వదినగారూ" అంది.

నన్ను అంత మొండిగా చేసింది ఏమిటని చాలా ఆలోచించాను. నేనూ ఇద్దర్ని కన్నాను, నాకూ నడుం నొప్పి పుట్టింది, పళ్ళు బిగించి ఓర్చుకున్నాను. ఓర్చుకోవడమే నా గొప్ప అనుకున్నాను. నా కూతురు ఓర్చుకోలేకపోతే అది సుకుమారం అనిపించింది. అందరికీ ఉండే నొప్పి అని నేననగానే, దానికున్న నొప్పి ఏమిటని అడిగే అవసరం నాకు తీరిపోయింది. ఇది చదువు లేక చేసిన తప్పయితే చదువుకుంటే పోయేది. చదువు ఉండి, వినడం లేక చేసిన తప్పు ఇది.

అందుకని, పురిటికొచ్చిన కూతురో కోడలో ఉన్న ప్రతి తల్లికీ కొన్ని మాటలు చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2020లో చెప్పిన ప్రకారం గర్భిణికి రోజుకు 1000 మిల్లీగ్రాములు, పాలిచ్చే తల్లికి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు, పెరుగు, రాగి జావ, ముళ్ళతో తినే చిన్న చేపలు మానిపించకండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నాలుగో నెల నుంచి కాన్పయిన ఆర్నెల్ల దాకా కాల్షియం మాత్రలు ఇస్తారు. వాటిని అన్నంతో వేయండి, ఐరన్ మాత్రతో కలిపి వేయకండి, రెండిటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. బాలింతను చీకటి గదిలో పెట్టకండి. నొప్పి నడుం పైభాగంలో, వెన్ను మధ్యలో ఉందంటే, పక్కకు తిరిగినా దగ్గినా పొడిచినట్టు వస్తోందంటే, మనిషి పొట్టిదైనట్టు గాని వంగినట్టు గాని అనిపిస్తే మర్దన చేయించకండి, బిందె ఎత్తనివ్వకండి, డాక్టరుకు చూపించండి. డాక్టరు దగ్గర ఆ పిల్లనే మాట్లాడనివ్వండి. కాన్పు కాకముందయితే ఎమ్మారై అడగవచ్చు. కాన్పయ్యాక నడుముకు తీసే ఎక్స్‌రే వల్ల తల్లిపాలకు ఏ హానీ లేదు, తీయించుకున్న రోజే బిడ్డకు పాలివ్వవచ్చు.